గోరంట్లలో ఇల్లు, యార్డు నుంచి లేటుగా రావడం: ఇంటి రక్షణకి ఏ రివాల్వర్ తీసుకోవాలి?

మిర్చికొట్టు_గుంటూరు:

నమస్తే అండి అందరికీ. మాకు గుంటూరు మిర్చి యార్డులో కమిషన్ కొట్టు ఉంది. ఇదివరకు అరండల్‌పేటలో అద్దెకి ఉండేవాళ్లం, ఇప్పుడు గోరంట్ల అవతల సొంతిల్లు కట్టుకుని వచ్చేశాం. ఇల్లు బాగానే ఉంది కానీ చుట్టూ ఇంకా ఖాళీ ప్లాట్లే. వెనక స్థలమంతా సర్కారు తుమ్మ పెరిగిపోయింది, వీధి లైటు మా గేటు దాకా రాదు. ఇంట్లో నాన్న, అమ్మ, నా భార్య, ఒకటో తరగతి చదివే బాబు. ఫిబ్రవరి నుంచి మే నెలలో యార్డుకి సెలవులు ఇచ్చేదాకా నేను ఇంటికి వచ్చేసరికి రాత్రి పదో పదకొండో అవుతుంది. రైతులకి బ్యాంకులో వేసినా హమాలీలకి, లారీ వాళ్లకి ఇచ్చే డబ్బు చేతిలోనే ఉంటుంది. నేను క్యాష్‌తో వెళ్తానన్న సంగతి చాలామందికి తెలుసు.

పోయిన నెల మా వెనక వీధిలో ఒక ఇంట్లో దొంగలు పడ్డారు. ఇంట్లో మనుషులు ఉండగానే పెరటి తలుపు పెకిలించి వచ్చారు. ఎవరికీ దెబ్బలు తగల్లేదు, బంగారం మాత్రం పోయింది. అప్పటి నుంచి మా అమ్మకి నిద్ర లేదు. చిన్న శబ్దం అయినా లేచి కూర్చుంటోంది. అందుకని లైసెన్సు తీసుకుని ఒక రివాల్వర్ ఇంట్లో పెట్టుకుందామని గట్టిగా అనుకుంటున్నాను.

నెట్‌లో చూస్తే నిర్భీక్, మార్క్ 3, ప్రబల్ అని మూడు కనపడుతున్నాయి. నిర్భీక్ తేలిక, నాన్న కూడా పట్టుకోగలరు అనిపిస్తోంది. ఫ్రెండ్ ఒకడు రివాల్వర్ పాతకాలం సరుకు, పిస్టల్ తీసుకో అంటున్నాడు. ఇంకొకడైతే లైసెన్సూ అదీ ఏళ్లు పడుతుంది, నార్త్ నుంచి తెప్పిస్తా అంటున్నాడు, వాడి మాట నాకు నచ్చలేదు. నా ప్రశ్నలు ఇవి: ఏ మోడల్ మంచిది? లైసెన్సు ఎవరికి అప్లై చేయాలి? నేను యార్డులో ఉన్నప్పుడు ఇంట్లో నాన్నగానీ నా భార్యగానీ దాన్ని వాడొచ్చా? తెలిసినవాళ్లు దయచేసి వివరంగా చెప్పండి.

పేరేచర్ల_మాజీ_సైనికుడు:

తమ్ముడూ, నేను ఆర్మీలో చేసి వచ్చినవాణ్ని, నా దగ్గర లైసెన్సు ఉన్న 32 రివాల్వర్ ఉంది. తుపాకీ సంగతి నేను చెప్తాను, చట్టం సంగతి ఇక్కడ లాయర్లు ఉన్నారు, వాళ్లు చెప్తారు.

ముందు పిస్టలా రివాల్వరా అన్నది తేల్చుకుందాం. పిస్టల్ మంచిదే, కానీ అది రోజూ చేతిలో పెట్టుకుని అలవాటు చేసుకున్నవాడికి. మ్యాగజైన్ సరిగ్గా కూర్చోవాలి, స్లయిడ్ లాగాలి, సేఫ్టీ ఎటు ఉందో వేలికి తెలిసి ఉండాలి, ఒక తూటా పేలకపోతే స్లయిడ్ మళ్లీ లాగి దాన్ని బయటకి తీయాలి. అర్ధరాత్రి నిద్రలోంచి లేచి, గుండె దడదడలాడుతుంటే, ఇవన్నీ గుర్తుండవు. రివాల్వర్‌లో ట్రిగ్గర్ లాగడమే పని. ఒక తూటా తుస్సుమంటే మళ్లీ ట్రిగ్గర్ లాగు, సిలిండర్ తిరిగి రెండోది ముందుకి వస్తుంది. ఎప్పుడో ఒకసారి తప్ప ముట్టుకోని ఇంటి మనిషికి నేను రివాల్వరే చెప్తాను. పాతకాలం సరుకు అన్న మాట పట్టించుకోకు.

బోర్ అంటే బ్యారెల్ లోపలి రంధ్రం కొలత, ఆ విషయంలో నీకు పెద్దగా ఎంచుకునే పని లేదు. 9 ఎంఎం, 38 లాంటివి మన దేశంలో నిషేధిత బోర్ కింద ఉన్నాయి, మామూలు జనానికి ఇవ్వరు. అందుకే అందరూ 32 అంటారు. ఒక్క జాగ్రత్త: 32 రివాల్వర్ తూటా వేరు, 32 పిస్టల్ తూటా వేరు. రివాల్వర్‌ది పొడుగ్గా, అడుగున అంచు బయటకి వచ్చి ఉంటుంది. షాపులో పెట్టె మీద ఏం రాసుందో నువ్వే చదివి తీసుకో.

ఇక నువ్వడిగిన మూడూ కాన్పూరు ప్రభుత్వ ఆయుధ ఫ్యాక్టరీలవే. 2021 అక్టోబరులో ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీ బోర్డుని ఏడు కంపెనీలు చేశాక ఆ ఫ్యాక్టరీలు అడ్వాన్స్‌డ్ వెపన్స్ అండ్ ఎక్విప్‌మెంట్ ఇండియా అనే ప్రభుత్వ కంపెనీ కిందకి వెళ్లాయి. మార్క్ 3 పాత బ్రిటిష్ వెబ్లీ రివాల్వర్ పద్ధతిలో ఉంటుంది. బొటనవేలితో పైన గొళ్లెం నొక్కితే బ్యారెల్ ముందుకి వంగి తెరుచుకుంటుంది, ఆరు ఖాళీ తొడుగులూ ఒకేసారి పైకి లేస్తాయి. నిర్భీక్ కూడా అలాగే తెరుచుకుంటుంది, కాకపోతే టైటానియం మిశ్రమం వాడి బరువు అర కిలో దగ్గరకి తెచ్చారు. 2014లో ఆడవాళ్ల కోసమని వదిలారు, అప్పట్లోనే ధర లక్షా 20 వేలు దాటింది. ప్రబల్ 2023లో వచ్చింది, అందులో సిలిండర్ పక్కకి తెరుచుకుంటుంది, బ్యారెల్ 76 మిల్లీమీటర్లు, బరువు 700 గ్రాముల దగ్గర. 50 మీటర్ల దూరం కొడుతుందని ప్రచారం చేశారు. మీ హాలు 15 అడుగులో 20 అడుగులో ఉంటుంది, ఆ 50 మీటర్ల కోసం నువ్వు డబ్బు పెట్టాల్సిన పని లేదు.

తేలిక అనే మాట దగ్గరే చాలామంది పొరపడతారు. తేలిక తుపాకీ హ్యాండ్‌బ్యాగులో మోయడానికి సుఖం. పేల్చేటప్పుడు మాత్రం అదే తూటాకి తేలికదే ఎక్కువ ఎగురుతుంది, రెండో గుండు గురి తప్పుతుంది. ఇంట్లో లాకర్లో ఉండేదానికి తేలిక ఎందుకు? కొంచెం బరువున్నదే చేతిలో నిలుస్తుంది. నన్నడిగితే మార్క్ 3 గానీ ప్రబల్ గానీ. ఈ రెండింటిలో ఏదన్నది నీ చెయ్యి చెప్పాలి. షాపులో ఖాళీదని తెరిచి చూసుకున్నాక పిడి పట్టుకో. మణికట్టు తిప్పకుండా చూపుడువేలు మొదటి కణుపు ట్రిగ్గర్ మీదకి రావాలి. వేలికొస మాత్రమే అందుతుంటే పిడి నీకు పెద్దది. హామర్, అంటే తూటాని పేల్చడానికి వెనక నుంచి కొట్టే మీట, వెనక్కి వెళ్లినప్పుడు సిలిండర్ టక్కున నిలబడిపోవాలి, పక్కకి ఊగకూడదు. వెలుతురుకి ఎదురుగా పెట్టి బ్యారెల్ లోపల చూడు, గీతలు మెరుస్తూ నున్నగా ఉండాలి, చుక్కల్లా గుంటలు కనపడితే అది వద్దను.

ట్రిగ్గర్ గురించి కూడా. పూర్తిగా లాగితే హామర్ తనే వెనక్కి వెళ్లి పడుతుంది, దానికి బలం కావాలి, ఆ బలమే నీకు రక్ష. హామర్‌ని బొటనవేలితో ముందే లాగి పెట్టావనుకో, తర్వాత ట్రిగ్గర్ వెంట్రుకంత తేలికైపోతుంది. టెన్షన్‌లో చెయ్యి వణికితే చాలు పేలుతుంది, ఎదురుగా ఉన్నది నీళ్ల కోసం లేచిన మీ నాన్న కావచ్చు. కాబట్టి ఇంట్లో ఎప్పుడూ హామర్ ముందే ఎత్తి పెట్టకు. నువ్వు నిజంగా కాల్చాలని నిర్ణయించుకునే దాకా వేలు ట్రిగ్గర్ గార్డు బయటే ఉండాలి.

మన దగ్గర ఉక్కపోత తెలుసుగా. చాలామంది తోలు హోల్‌స్టర్‌లో పెట్టి బీరువాలో పడేస్తారు. తోలు చెమ్మ పీలుస్తుంది, ఒక వానాకాలం గడిచేసరికి తోలు తగిలిన చోటల్లా తుప్పు పట్టి ఉంటుంది. పలచగా నూనె రాసి, పొడి గుడ్డలో చుట్టి, హోల్‌స్టర్ లేకుండా లాకర్లో పెట్టు. ఎక్కువ నూనె పోస్తే అది తూటాల అడుగున ఉండే క్యాప్‌లోకి దిగి పేలకుండా చేస్తుంది, అదీ మంచిది కాదు. ఏడాదికోసారి పాత తూటాలు రైఫిల్ క్లబ్‌లో కాల్చేసి కొత్తవి పెట్టుకో. నీకు ప్రాక్టీసూ అవుతుంది.

బెజవాడ_వకీలు:

మాజీ సైనికుడు గారు ఆయుధం గురించి చెప్పింది నాకు బాగా నచ్చింది. నేను కాగితాల సంగతి చెప్తాను, అందులో ముఖ్యంగా మీ మూడో ప్రశ్న గురించి, ఎందుకంటే మీ నిర్ణయం మొత్తం దాని మీదే ఆధారపడి ఉంది.

ఆయుధాల లైసెన్సు కుటుంబానికి కాదండి, మనిషికి. మీ పేరున లైసెన్సు ఉంటే ఆ రివాల్వర్ ముట్టుకుని వాడే హక్కు మీ ఒక్కరిదే. మీరు యార్డులో ఉన్నప్పుడు మీ నాన్నగారు గానీ మీ భార్య గానీ దాన్ని తీసి పట్టుకుంటే అది లైసెన్సు లేని ఆయుధం పట్టుకోవడం కిందకే వస్తుంది. అంటే మీరు ఇంట్లో లేని గంటల్లో ఆ రివాల్వర్ లాకర్లో ఉండాలి, తాళం మీ దగ్గర ఉండాలి. మీరు రాసినదాన్ని బట్టి మీ ఇంటికి భయం ఎక్కువగా ఉన్నది మీరు లేనప్పుడే. ఆ వేళల్లో మీ అమ్మగారికి ఈ రివాల్వర్ ఏ విధంగానూ పనికిరాదు. ఇది తెలిసి ముందుకి వెళ్లండి.

ఎవరికి అప్లై చేయాలంటే, గుంటూరు జిల్లాలో మీకు లైసెన్సింగ్ అధికారి జిల్లా కలెక్టర్, అంటే డిస్ట్రిక్ట్ మేజిస్ట్రేట్ హోదాలో. మా విజయవాడలో అయితే కమిషనరేట్ కాబట్టి పోలీస్ కమిషనర్. దరఖాస్తు ఎన్‌డాల్ అలిస్ అనే కేంద్ర ప్రభుత్వ ఆయుధ లైసెన్సుల పోర్టల్‌లో ఆన్‌లైన్‌లో పెట్టాలి, ఏ-1 ఫారం. వయసు 21 నిండి ఉండాలి. ఆయుధం ఎలా వాడాలో శిక్షణ తీసుకున్నట్టు ఎస్-1 సర్టిఫికెట్, శారీరక మానసిక ఆరోగ్యం గురించి డాక్టర్ సర్టిఫికెట్, ఆయుధాన్ని భద్రంగా దాచుకుంటానని రాతపూర్వక హామీ, ఇవన్నీ 2016 ఆయుధాల నిబంధనల్లో ఉన్నవే. తర్వాత మీ స్టేషన్ నుంచి ఎంక్వయిరీకి వస్తారు. పాత కేసులు, ఇంట్లో గొడవలు, తాగుడు, ఇరుగుపొరుగు ఏమంటున్నారు, అన్నీ అడుగుతారు.

ఎందుకు కావాలి అన్న చోట చాలామంది "ఆత్మరక్షణ" అని ఒక్క మాట రాసి వదిలేస్తారు, అక్కడే ఫైలు పడుకుంటుంది. వ్యాపారం, వృత్తి స్వభావం వల్ల ప్రాణానికి ఆస్తికి రక్షణ నిజంగా అవసరమైన మనిషి అన్నది నిబంధనల్లో ఒక ఆధారం. మీరు ఆ కోవలోకే వస్తారు. యార్డు ట్రేడ్ లైసెన్సు, జీఎస్టీ కాగితాలు, బ్యాంకు నుంచి డబ్బు తీసిన స్టేట్‌మెంట్లు, వెనక వీధిలో జరిగిన దొంగతనం ఎఫ్‌ఐఆర్ కాపీ దొరికితే అదీ, అన్నీ జత చేయండి. తిరస్కరిస్తే కారణం రాతపూర్వకంగా అడగండి, 30 రోజుల్లో అప్పీలుకి వెళ్లొచ్చు. ఆస్తి తక్కువ ఉందన్న ఒక్క కారణంతో లైసెన్సు నిరాకరించకూడదని చట్టంలోనే రాసుంది.

ఆయుధాల చట్టానికి 2019లో చేసిన సవరణ తర్వాత లైసెన్సు 5 ఏళ్లు చెల్లుతుంది, ఇంతకుముందు 3 ఉండేది. ఒక మనిషికి గరిష్ఠంగా 2 ఆయుధాలు. పెళ్లిళ్లలో ఊరేగింపుల్లో గాల్లోకి కాల్చితే 2 ఏళ్ల దాకా జైలు లేదా లక్ష దాకా జరిమానా లేదా రెండూ. నార్త్ నుంచి తెప్పిస్తానన్న ఫ్రెండ్ సంగతి కూడా చెప్తాను: లైసెన్సు లేని ఆయుధం దొరికితే ఇప్పుడు తక్కువలో తక్కువ 2 ఏళ్లు, 5 ఏళ్ల దాకా పోవచ్చు. దొంగ మీ ఇంటికి రాకపోయినా మీరు జైలుకి పోతారు. ఆ మనిషితో ఈ మాట ఫోన్లో కూడా మాట్లాడకండి.

ఇక కాల్చాల్సి వస్తే. పాత ఐపీసీ స్థానంలో 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత వచ్చింది, ఆత్మరక్షణ హక్కు అందులో 34 నుంచి 44 దాకా సెక్షన్లలో ఉంది. 41వ సెక్షన్ ప్రకారం దోపిడీ, లేదా సూర్యాస్తమయం తర్వాత సూర్యోదయం లోపల ఇల్లు బద్దలుకొట్టి చొరబడటం జరిగినప్పుడు, ఆ హక్కు అవతలి మనిషి ప్రాణం పోయేదాకా కూడా వెళ్లొచ్చు. అది చదివి ధైర్యం తెచ్చుకునేవాళ్లు 37వ సెక్షన్ కూడా చదవాలి. అవసరానికి మించి హాని చేయడానికి వీల్లేదు, పోలీసుల సాయం తీసుకునే వ్యవధి ఉంటే ఆ హక్కే లేదు. గొలుసు పట్టుకుని గోడ దూకి పారిపోతున్నవాణ్ని వెనక నుంచి కాల్చారంటే హత్య కేసులో నిందితులు మీరే అవుతారు. చొరబాటు నడుస్తున్నంతసేపే మీ హక్కు. హాల్లో చీకట్లో ఆ తేడా గమనించగలగాలి. నా వృత్తిలో ఇలాంటి కేసుల ఫైళ్లు చూశాను. గెలిచిన మనిషి కూడా ఏళ్ల తరబడి కోర్టు మెట్లెక్కాడు.

పటమట_అక్క:

తుపాకీ ఉన్న ఇంట్లో కాపురం చేసినదాన్ని, కాబట్టి నేనూ రాయాలనిపించింది. మా మామగారికి వన్‌టౌన్‌లో బంగారం వ్యాపారం ఉండేది, ఆయనకి లైసెన్సు రివాల్వర్ ఉండేది. మనిషి చాలా పద్ధతిగలవాడు. ఇంటికి రాగానే తెరిచి, తూటాలు తీసి, రివాల్వర్ ఒక లాకర్లో తూటాలు ఇంకో లాకర్లో పెట్టేవారు, తాళాలు ఆయన మొలతాడుకే ఉండేవి. పిల్లలు దాన్ని చూడాలని ఎంత గోల చేసినా చూపించలేదు. మా బావగారి అబ్బాయికి ఏడెనిమిదేళ్లు ఉన్నప్పుడు కుర్చీ వేసుకుని ఆ బీరువా పైకెక్కి వెతికాడు. తాళం ఉంది కాబట్టి సరిపోయింది. మీ ఇంట్లో ఒకటో తరగతి పిల్లాడు ఉన్నాడు అని చదవగానే నాకు అదే గుర్తొచ్చింది. ఆ వయసు పిల్లలకి ఇంట్లో ఏది ఎక్కడుందో మనకంటే బాగా తెలుసు. తలగడ కింద, మంచం సొరుగులో, బియ్యం డ్రమ్ములో, ఇలాంటి చోట్ల పెట్టే ఆలోచన అసలు రానివ్వకండి.

ఇంకో విషయం. 2021 డిసెంబరులో విజయవాడ చుట్టుపక్కల, తాడేపల్లి వైపు చెడ్డీ గ్యాంగ్ తిరిగింది గుర్తుందా? గుజరాత్‌లోని దాహోద్ వైపు నుంచి వచ్చిన ముఠా అని పోలీసులు పట్టుకున్నాక తెలిసింది. అప్పుడు మా కాలనీలో అందరూ కర్రలు, కారప్పొడి పక్కన పెట్టుకుని పడుకున్నారు. నేను మాత్రం వడ్రంగిని పిలిపించి పెరటి తలుపు చూపించాను. తలుపు టేకుదే, రెండున్నర వేలు పోసి కొన్న గడియ కూడా ఉంది, కానీ ఆ గడియ దిగే ఇనప కొండీని ఫ్రేముకి పట్టి ఉంచింది అరంగుళం మేకులు నాలుగు. భుజంతో ఒక్కసారి నెడితే గడియ విరగదు, ఆ మేకులు ఊడి వస్తాయి. వాటి స్థానంలో మూడంగుళాల స్క్రూలు ఫ్రేము దాటి గోడలోకి దిగేలా వేయించాను. పైన ఒకటి, కింద ఒకటి అడ్డ గడియలు పెట్టించాను. అయిన ఖర్చు ఒక మంచి చీర అంత కూడా లేదు.

మీ వెనక వీధిలో కూడా పెరటి తలుపే పెకిలించారని రాశారు కదా. ముందు మీ పెరటి తలుపు దగ్గరకి వెళ్లి ఆ కొండీ మేకులు ఎంత పొడుగున్నాయో చూడండి. ఆ తర్వాత వెనక గోడ మీద కదలికకి వెలిగే లైటు వేయించండి, తుమ్మ చెట్లు మీ గోడకి ఆనకుండా నరికించండి. ఊరెళ్లేటప్పుడు తాళం వేసిన ఇళ్ల మీద నిఘాకి పోలీసులు పెట్టిన ఎల్‌హెచ్‌ఎంఎస్ యాప్‌లో చెప్పి వెళ్తే వాళ్లే వచ్చి ఇంట్లో కెమెరా పెడతారు, ఎవరైనా లోపలికొస్తే కంట్రోల్ రూమ్‌కి అలారం వెళ్తుంది, దానికి డబ్బు తీసుకోరు. తిరుపతి వెళ్లినా పెళ్లికి వెళ్లినా మేం అది వాడతాం.

మీ అమ్మగారి గురించి ఒక్క మాట. ఆవిడకి నిద్ర రావాలంటే పడకగది తలుపుకి లోపల గట్టి గడియ, చేతికందేలా ఫోను, అందులో 112 ఎలా నొక్కాలో రెండుమూడుసార్లు చేయించి చూపడం, గేటు దగ్గర హారన్ మోగే బటన్ మంచం పక్కన ఉండటం, ఇవి కావాలి. దొంగ హాల్లోకి వచ్చినా ఆవిడ గది తలుపు తీయకూడదు. బంగారం పోతే పోనివ్వండి. లాకర్లో ఉన్న రివాల్వర్ ఆవిడకి ధైర్యం ఇవ్వదు, నేను మా అత్తగారిని చూశాను, ఆవిడకి మామగారి తుపాకీ అంటేనే భయం.

సత్తెనపల్లి_రైతుబిడ్డ:

నాది వేరే సందేహం కానీ ఈ దారంలోనే అడిగేస్తా. మా తాతగారి పేరున డబుల్ బ్యారెల్ తుపాకీ ఉంది, అడవి పందుల కోసం ఎప్పుడో తీసుకున్నది. ఆయనకి ఇప్పుడు 74. నా పేరు మీదకి మార్చుకోవచ్చా, లేక సరెండర్ చేయాలా?

బెజవాడ_వకీలు:

మార్చుకోవచ్చండి. లైసెన్సుదారుడికి 70 నిండినా, లేదా ఆయుధం 25 ఏళ్లుగా ఆయన దగ్గర ఉన్నా, ఆయన బతికుండగానే వారసుడి పేరున లైసెన్సుకి అప్లై చేసుకునే వీలు 2016 నిబంధనల్లో ఉంది. మిగతా వారసుల నుంచి అభ్యంతరం లేదని కాగితం తీసుకోండి. మీ లైసెన్సు వచ్చేదాకా మాత్రం ఆ తుపాకీ తాతగారి పేరునే ఉంటుంది, మీరు చేనుకి పట్టుకెళ్లకూడదు.

మిర్చికొట్టు_గుంటూరు:

అందరికీ చాలా చాలా థాంక్స్ అండి. లైసెన్సు మనిషికి అన్న సంగతి నాకు తెలియదు, ఇంట్లో ఉంటే ఎవరైనా తీయొచ్చనే అనుకున్నాను. అక్కా, మీరు చెప్పింది చదివి రాత్రే టార్చి పట్టుకుని పెరటి తలుపు చూశాను, మాదీ అరంగుళం మేకులే. ఆదివారం వడ్రంగి వస్తున్నాడు, లైటు పని కూడా అప్పుడే. అమ్మానాన్నల గది తలుపుకి లోపల గడియ పెట్టిస్తున్నాను.

అయినా రివాల్వర్ ఆలోచన మానలేదు. సీజన్‌లో రాత్రిపూట డబ్బుతో బండి మీద వచ్చేది నేనే, తెల్లారే దాకా ఇంట్లో ఉండేదీ నేనే. కాబట్టి నా పేరున అప్లై చేస్తాను. ఇంకో రెండు అనుమానాలు. దారిలో వెంట తెచ్చుకోవచ్చా? ఎన్నికలప్పుడు తీసేసుకుంటారని విన్నాను, నిజమేనా? అలాగే అన్నా, తూటాలు వేరే లాకర్లో పెడితే అవసరమైనప్పుడు ఆలస్యం కాదా?

బెజవాడ_వకీలు:

లైసెన్సు మీద ఏ పరిధి రాసి ఉంటే అక్కడ వరకు తీసుకెళ్లొచ్చు, రాష్ట్రం వరకా దేశం మొత్తమా అన్నది అందులో ఉంటుంది. బయటికి కనపడేలా నడుముకి పెట్టుకుని తిరగకూడదు. స్కూళ్లు, సభలు, ఊరేగింపులు, పెళ్లిళ్లకి వద్దు. యార్డులో హమాలీల ముందు తీసి చూపించడం లాంటిది ఒక్కసారి జరిగినా లైసెన్సు పోతుంది. ఎన్నికల కోడ్ వచ్చినప్పుడు డిపాజిట్ చేయమని నోటీసు వస్తుంది, మీ స్టేషన్‌లో గానీ లైసెన్సు ఉన్న ఆయుధాల డీలర్ దగ్గర గానీ ఇచ్చి రసీదు తీసుకోండి. రసీదు లేకుండా ఎవరి చేతికీ ఇవ్వొద్దు. కుటుంబమంతా ఎక్కువ రోజులు ఊరెళ్తున్నా డీలర్ దగ్గర డిపాజిట్ చేసి వెళ్లడమే మంచిది, తాళం వేసిన ఇంట్లోంచి రివాల్వర్ పోతే ముందు సమాధానం చెప్పాల్సింది మీరే.

పేరేచర్ల_మాజీ_సైనికుడు:

ఆలస్యం అవుతుంది తమ్ముడూ, దాచడంలో ఏముంది. కానీ ఒకటో తరగతి పిల్లాడున్న ఇంట్లో ఆ ఆలస్యం ఉండాల్సిందే. పగలు, నువ్వు లేనప్పుడు, తూటాలు వేరు రివాల్వర్ వేరు, ఇందులో మార్పు లేదు. రాత్రి నువ్వు ఇంటికొచ్చి తలుపులు వేసుకున్నాక మాత్రం నీ గదిలో గోడకి బోల్టు చేసిన చిన్న నంబర్ లాకర్ ఒకటి పెట్టుకో, నింపిన రివాల్వర్ అందులో పెట్టు. నంబరు బాబు పుట్టినరోజు పెట్టకు, వాడికి అది తెలుసు. పొద్దున లేవగానే మొదట దాన్ని ఖాళీ చేసి తూటాలు లెక్కపెట్టి, ఆ తర్వాతే పాలప్యాకెట్ కోసం తలుపు తీయి. లాకర్ పక్కనే గట్టి టార్చి ఉండాలి. ఎవరు అన్నది వెలుతుర్లో చూడకుండా తుపాకీ ఎత్తకూడదు, మీ ఇంట్లో ముగ్గురు పెద్దవాళ్లూ ఒక పిల్లాడూ చీకట్లో తిరుగుతుంటారు.

గుండు ఎటు పోతుందో కూడా పగలే చూసి పెట్టుకో. ఇటుక గోడ 32 గుండుని ఆపుతుంది, ఫ్లష్ డోరు ఆపదు. మీ హాల్లో నువ్వు నిలబడే చోటు నుంచి చూస్తే బాబు పడుకునే గది తలుపు ఎటు ఉంది, అమ్మానాన్నల గది ఎటు ఉంది? ఆ వైపు ఎట్టి పరిస్థితిలోనూ కాల్చకూడదు. అటు కాకుండా ఏ మూల మిగులుతుందో అక్కడికే నీ గురి.

ఇంకొక్కటి, ఎస్-1 ట్రైనింగ్‌కి నువ్వు వెళ్లేటప్పుడు మీ ఆవిడని కూడా తీసుకెళ్లు. ఆవిడకి ఇష్టమైతే విడిగా ఆవిడ పేరునే లైసెన్సుకి అప్లై చేసుకోవచ్చు, అప్పుడు నువ్వు యార్డులో ఉన్న వేళలకి కూడా దారి దొరుకుతుంది. ఇష్టం లేకపోతే బలవంతం చేయకు, ఖాళీ రివాల్వర్ తెరిచి చూడటం ఎలాగో ఆ ట్రైనింగ్‌లో నేర్చుకున్నా చాలు.